పందికొక్కు ఇంగ్లీషులోకి పోయిన దారి

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక సాయంత్రం విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలూ, మీరు ఇంకొంచెం జరగండి, పెద్దవాళ్లకు దారి ఇవ్వండి.

ఇవ్వాళ నేను ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. బ్యాండికూట్. ఈ మాట విన్నవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఎత్తండి, మొహమాటం వద్దు. పది, పన్నెండు... అన్నీ పిల్లల చేతులే. ఎక్కడ విన్నావు బిడ్డా? ఆటలోనా? అవును, క్రాష్ బ్యాండికూట్. 1996లో అమెరికావాళ్లు ప్లేస్టేషన్ కోసం చేసిన ఆట. నారింజ రంగు జంతువు, చేతులకు గ్లౌజులు, గిర్రున తిరుగుతూ పెట్టెలు పగలగొడుతుంది. సరే, దించండి. ఇప్పుడు పెద్దవాళ్లను అడుగుతున్నాను. పందికొక్కును చూసినవాళ్లు ఎంతమంది? చూశారా, కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఎత్తారు. పిల్లలూ, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ చేతులు చూడండి. మీరు ఎత్తింది ఏ మాటకో, మీ తాతలు ఎత్తింది కూడా ఆ మాటకే. బ్యాండికూట్ అంటే పందికొక్కు. అర్థం కలిసిందని కాదు నేను చెప్పేది. ఆ మాటే ఈ మాట. తెలుగు పందికొక్కునే ఇంగ్లీషువాళ్లు నోరు తిరిగినట్టు పలికి బ్యాండికూట్ అన్నారు.

ఈ మాటతో నాకు పాత బాకీ ఒకటి ఉంది. 1974లో నేను ఏడో తరగతి. ఏ బడి, ఏ సారు అన్నది ఇక్కడ అవసరం లేదు. ఇంగ్లీషు పాఠంలో ఆస్ట్రేలియా జంతువులు వచ్చాయి. కంగారూ, కోలా, ఆ తర్వాత బ్యాండికూట్. సారు నన్ను లేపి చదవమన్నారు. నేను కూడబలుక్కుని బ్యా-న్-డి-కూ-ట్ అని చదివి, చదువుతూనే "సార్, ఇది మన పందికొక్కే కదా" అన్నాను. తెలివి చూపిద్దామని కాదు. చెవికి అట్లా వినబడింది, అంతే. క్లాసంతా నవ్వింది. సారు దగ్గరికి పిలిచి అరచేతి మీద రెండు దెబ్బలు వేసి, "ఇంగ్లీషు పాఠంలోకి పొలం గట్టు మాటలు తేకు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఇంగ్లీషు వ్యాకరణం నేర్పింది ఆయనే. ఆయనకూ ఎవరూ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి పొలం గట్టు మాటలు వేరు, పుస్తకం మాటలు వేరు అని నా మనసులో పడిపోయింది. చాలా ఏళ్లు అట్లాగే ఉండిపోయింది.

బి.ఎడ్. చదివేటప్పుడు హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తెరిచాను. వెతికింది వేరే మాట. అదే పేజీలో బ్యాండికూట్ కనబడింది. పక్కనే మాట పుట్టుక ఉంది: తెలుగు, పందికొక్కు. నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అరచేతిలో ఆ రెండు దెబ్బలు మళ్లీ తగిలినట్టయింది. అయితే మా సారు మాటలో కూడా కొంత నిజం ఉందని నాకు అర్థం కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. అది తర్వాత చెప్తాను.

ముందు అసలు జంతువు దగ్గరికి వెళ్దాం. పిల్లలకు తెలియాలి కదా.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మా ఊరి పక్క నుంచే పోతుంది. అంతకుముందు మావి జొన్నలు, కందులు, ఆముదాలు. నీళ్లొచ్చాక వరి. వరితో పాటు ఒరాలు, అంటే పొలం గట్లు వచ్చాయి, తడి మన్ను వచ్చింది, ఆ తడి మన్ను వెతుక్కుంటూ పందికొక్కులు వచ్చాయి. కోత అయిపోయాక మా నాయిన గడ్డపార తీసుకుని ఒరం వెంట నడిచేవాడు. వెనక నేను, నా చేతిలో తట్ట. ఒకచోట ఆగి, "గీ మన్ను జూడు బిడ్డా, పచ్చిగున్నది. లోపల్నే ఉన్నది" అనేవాడు. పందికొక్కు బొక్క ఎట్లా ఉంటుందో తెలుసు కదా. వాకిలి తెరిచి పెట్టదు. లోపలి నుంచి మన్ను తోసి మూసేస్తుంది. బయట మనకు కనబడేది చిన్న మట్టి కుప్ప. ఆ మన్ను ఎండి ఉంటే పాత బొక్క, తడిగా ఉంటే లోపల మనిషి, అదే, జంతువు ఉన్నట్టు. ఇప్పుడు వ్యవసాయాధికారులు కూడా మందు పెట్టే ముందు ఇదే చూడమంటారు. ముందురోజు సాయంత్రం బొక్కలన్నీ మూసెయ్యండి, పొద్దున ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే మందు పెట్టండి అని.

నాయిన తవ్వుతుంటే దారి ఎటెటో పోయేది. ఇటొక మలుపు, అటొక మలుపు. చివరికి ఒక అర తగిలేది. లోపల వరి గొలుకలు, అంటే కంకులు. చెల్లాచెదురుగా కాదు, కొసలు కొరికి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఒక్కో బొక్కలో తట్టెడు గొలుకలు వచ్చిన రోజులున్నాయి. అవి తెచ్చి మా నాయనమ్మ వాకిట్లో ఎండబోసి చేతులతోనే నలిచేది. కూలికి పోయే ఇండ్లలో కొందరికి ఆ వడ్లే నెల గ్రాసం. ఇక్కడున్న పెద్దవాళ్లలో ఆ వడ్లు తిన్నవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. తలలు ఊపుతున్నారు, చూస్తున్నాను.

మరి పంది అని ఎందుకు అన్నారు? ఎలుకకు పందితో ఏం సంబంధం? అర తవ్వినప్పుడు అది బయటికి దూకేముందు ఏం చేస్తుందో చూసినవాళ్లకు ఈ ప్రశ్న రాదు. వీపు మీది గరుకు వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. గుర్రుమంటుంది. ఎలుక కీచుమంటుంది, ఇది గుర్రుమంటుంది. అచ్చంగా పంది. మన్ను తోడడం కూడా పంది లెక్కే. పొలాల్లో ఉండేది చిన్న జాతి, పావు కిలో అటూ ఇటూ. ఊళ్లల్లో, మోరీల పక్కన, గోడల కింద ఉండేది పెద్దది, కిలో దాకా తూగుతుంది, పిల్లి కూడా వెనకాడుతుంది. మనం రెండింటినీ పందికొక్కు అనే అంటాం. పంది కలిసిన కొక్కు. కొక్కు అంటే పెద్ద ఎలుక. నాలుగు అక్షరాల్లో రూపం, చప్పుడు, గుణం, మూడూ పెట్టేశారు. ఎవరు పెట్టారు? ఏ పండితుడూ కాదు. గడ్డపార పట్టుకున్నవాడు పెట్టాడు.

ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల సంగతి. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. తెలుగు తీరమది. 1639లో మద్రాసు నేల దొరికింది. ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లు దండిగా ఉండేవాళ్లు. కొత్తగా వచ్చినవాడికి ఏం కావాలి? బట్టలు, ధాన్యం, వాటిని దాచుకునే కొట్లు. కొట్టు ఉన్నచోట ఏముంటుంది? రాత్రి దీపం పట్టుకుని వెళ్లిన దొరకు పిల్లి అంత ఎలుక గుర్రుమంటూ ఎదురుపడితే, పక్కనున్న కాపలావాడిని అడుగుతాడు కదా, ఇదేంటిరా అని. వాడు తన భాషలో చెప్తాడు. దొరల ఇంగ్లండులో అటువంటి ఎలుక లేదు. లేని దానికి పేరు ఎక్కడి నుంచి తెస్తారు?

ఒక్క విషయం గమనించండి. తమిళంలో దీన్ని పెరుచ్చాళి అంటారు. కన్నడంలో హెగ్గణ. హిందీలో ఘూస్. హిందీలో లంచాన్ని కూడా ఘూస్ అనే అంటారు. మనం లంచగొండులను పందికొక్కుల్లా మేస్తున్నారు అని తిడతాం కదా, అక్కడివాళ్లకు ఒకే మాటలో రెండూ వినబడతాయి. అయితే ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లు ఉండగా ఇంగ్లీషులో నిలబడింది ఏది? మనదే. తెలుగు పేరే. 18వ శతాబ్దం ముగిసేసరికే ఇంగ్లీషు పుస్తకాలకు ఎక్కింది.

మరి పంది కాస్తా బ్యాండి ఎట్లా అయింది? ఇది చెప్తే వినేది కాదు, చేసి చూడాలి. అందరూ అరచెయ్యి నోటి ముందు పెట్టుకోండి. అమ్మా, మీరు కూడా. ఇప్పుడు పెన్ అనే మాటను ఇంగ్లీషువాళ్లు అన్నట్టు గట్టిగా ఊదుతూ "ప్హెన్" అనండి. చేతికి గాలి తగిలిందా? ఇప్పుడు మన పంది అనండి. పంది. తగిలిందా? తగల్లేదు. ఇంగ్లీషువాడి ప మాట మొదట్లో వస్తే గాలితో వస్తుంది. గాలి లేని ప వింటే వాడి చెవి దాన్ని బ అనుకుంటుంది. అందుకే పంది బ్యాండి అయింది. చివరి ఉకారం వాళ్లకు అలవాటు లేదు, రాలిపోయింది. కొక్కు కూట్ ఎందుకైంది అంటే, వాళ్ల దగ్గర కూట్ అనే నీటిపక్షి పేరు ముందే ఉంది, తెలియని మాటను తెలిసిన మాట పక్కకు లాక్కున్నారని నేను అనుకుంటున్నాను. ఇది నా ఊహ. మనం కూడా అట్లాగే చేస్తాం కదా, రానిదాన్ని వచ్చినదాని వైపు లాగుతాం.

1886లో లండన్‌లో హాబ్సన్-జాబ్సన్ అని ఒక నిఘంటువు అచ్చయింది. మన దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎట్లా వచ్చాయో చెప్పే పుస్తకం. రాసింది హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. బర్నెల్ మద్రాసు సర్వీసులో జడ్జిగా పనిచేసినవాడు, దక్షిణాది భాషలు చదివినవాడు. పుస్తకం బయటికి రాకముందే, 1882లో పోయాడు. అందులో బ్యాండికూట్ దగ్గర స్పష్టంగా రాశారు, ఇది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని, పంది-ఎలుక అని అర్థమని. అంతేకాదు, 14వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఇబ్న్ బతూతా రాసిన సంగతి కూడా ఎత్తి చూపారు. దేవగిరి కోటలో, అదే దౌలతాబాద్‌లో, ఖైదీలను పెట్టే నేలకొట్లు ఉండేవట. వాటిలో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలట, వాటిని చూసి పిల్లులే పారిపోయేవట. అవి ఏమై ఉంటాయో మనకు వేరే చెప్పాలా?

ఇక సముద్రం దాటిన కథ. ఇక్కడే మా సారు మాటలో ఉన్న నిజం తేలుతుంది.

1788లో ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో, సిడ్నీ దగ్గర వలస మొదలుపెట్టారు. అక్కడ పొడుగు ముక్కుతో, పొదల్లో తిరుగుతూ, మన్ను గీకి పురుగులను తినే చిన్న జంతువు కనబడింది. చూడడానికి పెద్ద ఎలుకలాగా ఉంది. దాన్ని ఏమనాలి? మన దేశం నుంచి పట్టుకుపోయిన మాట నోట్లో ఉండనే ఉంది. బ్యాండికూట్ అనేశారు. కానీ అది ఎలుక కాదు. ఎలుకకు ఏ చుట్టమూ కాదు. అది కంగారూలాగా కడుపు సంచిలో పిల్లలను పెంచే జంతువు. పన్నెండు రోజుల చిల్లరలో పిల్లను కంటుంది. లోకంలో ఇంత త్వరగా ఈనే జంతువులు చాలా తక్కువ. ఆ పిల్ల పాకుకుంటూ సంచిలోకి చేరుతుంది. ఇంకో చిత్రం వినండి. కంగారూ సంచి నోరు పైకి ఉంటుంది. దీనిది వెనక్కి ఉంటుంది. ఎందుకో చెప్పగలరా ఎవరైనా? ... ఆ, ఆ పాప చెప్పింది, భేష్. మన్ను తవ్వుతుంది కదా, నోరు ముందుకు ఉంటే పిల్లల మీద మన్ను పడుతుంది. అందుకని వెనక్కి.

అంటే ఏమిటి? జంతువు విషయంలో మా సారు కరెక్టు, అది మన పందికొక్కు కాదు. మాట విషయంలో నేను కరెక్టు, అది మన పందికొక్కే. ఇద్దరం చెరి సగం పట్టుకుని ఆ రోజు క్లాసులో నిలబడ్డాం.

ఆస్ట్రేలియాలో ఈ మాట ఊరికే పేరుగా ఉండిపోలేదు. క్రియ కూడా అయింది. అక్కడి ఊళ్లల్లో బంగాళదుంప మొక్క పైన ఆకు కదలకుండా, కింది నుంచి దుంపలు మాత్రం తవ్వుకుని పోవడాన్ని బ్యాండికూటింగ్ అంటారు. పొద్దున రైతు వచ్చి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. మన రైతుకు ఈ మాట అప్పజెప్తే నిఘంటువు అవసరమే లేదు, వెంటనే అర్థమైపోతుంది.

ఇంకొకటి. అక్కడ ఒక జాతికి ముందు కాళ్లు పంది గిట్టల్లా రెండేసి వేళ్లతో ఉండేవి. 1838లో దాన్ని శాస్త్రవేత్తలు వర్ణించారు. వాళ్ల చేతికి దొరికిన నమూనాకు తోక ఊడిపోయి ఉండడంతో శాస్త్రీయ నామంలో తోకలేనిది అని రాసేశారు. నిజానికి దానికి తోక ఉంది. మామూలు ఇంగ్లీషు పేరు ఏం పెట్టారో తెలుసా? పిగ్ ఫుటెడ్ బ్యాండికూట్. దాన్ని తెలుగులోకి తిప్పండి. పందికాళ్ల పందికొక్కు. పంది రెండుసార్లు వచ్చింది. బ్యాండికూట్‌లో ముందే పంది ఉందని పెట్టినవాళ్లకు తెలియదు. చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది కూడా, ఎందుకంటే ఆ జంతువు ఇప్పుడు లేదు. చివరి నమూనా దొరికింది 1901లో. లోకం నుంచి ఒక జాతి పోయింది, పోతూ దాని పేరులో మన మాట పట్టుకుపోయింది.

అన్నీ పోలేదు. విక్టోరియా రాష్ట్రంలో చారల బ్యాండికూట్ ఒకటి ఉంది. నక్కలు, పిల్లులు తినేసి, మేత భూములు పోయి, 1980ల చివరికి అక్కడ హామిల్టన్ అనే ఊరి దగ్గర కొన్ని మాత్రమే మిగిలాయి. ఎక్కడ మిగిలాయి? ఊరి చెత్త పారేసే చోట, తుప్పు పట్టిన పాత కార్ల కింద. వాటిని పట్టి, పెంచి, కంచెలు కట్టి, కాపలాకు కుక్కలను కూడా పెట్టి మళ్లీ పెంచారు. 2021లో అడవిలో అంతరించింది అన్న జాబితా నుంచి తీసి, ప్రమాదంలో ఉంది అన్న జాబితాలోకి మార్చారు. ఇక్కడ మనం జింక్ ఫాస్ఫైడ్ పెట్టి చంపుతాం, చంపకపోతే రైతు బతకడు. అక్కడ అదే పేరున్న ఇంకో ప్రాణిని అరచేతిలో పెట్టుకుని కాపాడుతున్నారు.

మన పందికొక్కుల సంగతి శాస్త్రంలో కూడా స్థిరపడింది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి బ్యాండికోటా అని పేరు పెట్టాడు. పెద్దది బ్యాండికోటా ఇండికా, పొలాల్లో ఉండేది బ్యాండికోటా బెంగాలెన్సిస్. ఇవ్వాళ జపాన్‌లో చదివినా, బ్రెజిల్‌లో చదివినా జంతుశాస్త్రం పిల్లవాడు ఆ పేరే రాయాలి. తెలుగు పందికొక్కు లాటిన్ వేషం వేసుకుని అక్కడ కూర్చుంది.

2018లో కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబో తయారుచేసి తిరువనంతపురంలో దింపారు. దాని పేరు కూడా బ్యాండికూటే. భూమి లోపలికి దిగి పనిచేస్తుంది కాబట్టి. మనిషి ఆ గుంటలోకి దిగి ఊపిరాడక చావకూడదని చేసిన యంత్రం అది. ఈ మాట చేసిన ప్రయాణాలన్నిటిలో నాకు ఇది చాలా ఇష్టం.

పందికొక్కు ఒంటరిగా పోలేదు. అది తిరిగే చోటును కూడా వెంట తీసుకుపోయింది. గోడౌన్ అంటాం కదా, మిర్యాలగూడ వైపు వెళ్తే రోడ్డుకు రెండు వైపులా రైస్ మిల్లుల గోడౌన్లే. చాలామంది అది గో, డౌన్ అనే రెండు ఇంగ్లీషు మాటలు కలిసి పుట్టిందనుకుంటారు. కాదు. మలయా భాషలో గుదంగ్, దాన్నుంచి పోర్చుగీసువాళ్ల నోటికి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. మలయావాళ్లకు ఎక్కడి నుంచి వెళ్లింది? మన వర్తకుల నుంచి. తెలుగు గిడ్డంగి నుంచో, తమిళ కిడంగు నుంచో అని నిఘంటువులు చెప్తాయి. గిడ్డంగి అనే మాట మనకు ఇంకా ఉంది. ఓడెక్కి తూర్పుకు పోయి, గోడౌన్ అయి, మళ్లీ మన మిల్లు బోర్డు మీదికే వచ్చింది. ఈసారి ఎవరైనా గోడౌన్‌లో బ్యాండికూట్స్ ఉన్నాయి అంటే, అది ఇంగ్లీషు అనుకోకండి. గిడ్డంగిలో పందికొక్కులు.

పక్షుల్లో పిట్టా అని ఒక ప్రజాతి ఉంది. తొమ్మిది రంగుల నవరంగ్ పక్షి ఆ కుటుంబానిదే. 1816లో పెట్టిన ఆ శాస్త్రీయ నామం మన పిట్టే. ముంగిస కూడా మరాఠీ మీదుగా మంగూస్ అయి వెళ్లింది, దాని వేరు ద్రావిడ భాషల వైపే చూపిస్తుంది. గమనించారా, వెళ్లినవన్నీ ఎక్కడివి? పందికొక్కు, పిట్ట, గిడ్డంగి. ఒరం మీదివి, చెట్టు మీదివి, కల్లం పక్కవి.

టైమ్ అయిపోయిందని లైబ్రేరియన్ గారు చూస్తున్నారు, ఒక్క నిమిషం. ఆ మేడమ్ ఏదో అడగాలని చెయ్యెత్తారు... అవును, మంచి ప్రశ్న. పందికొక్కు ఒక్కటేనా, మిగతా ఎలుకలకు పేర్లు లేవా అని అడుగుతున్నారు. ఉన్నాయమ్మా. చిట్టెలుక ఉంది, చుంచు ఉంది. మా నాయిన ఒరం వెంట నడుస్తూ ఇంకా మూడు నాలుగు పేర్లు చెప్పేవాడు, బొక్కను బట్టి ఒకటి, తోకను బట్టి ఒకటి. నేను అప్పుడు రాసిపెట్టుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

అందుకే మీ అందరినీ ఒకటి అడుగుతున్నాను. గుమ్మం దగ్గర బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టించాను. పోయేటప్పుడు మీ ఊళ్లో పొలం ఎలుకలకు ఏమేం పేర్లు ఉన్నాయో రాసి వెళ్లండి. ఊరి పేరు, మండలం పేరు కింద రాయండి. దేవరకొండ వైపు ఒకటి అంటారు, నాగర్‌కర్నూల్ వైపు ఇంకొకటి అంటారు, రెండూ రాయండి. రాయడం రాని పెద్దవాళ్లు ఉంటే పిల్లలూ, మీరు పక్కన కూర్చుని అడిగి రాయండి. వాళ్లు ఎట్లా పలికితే అట్లాగే రాయండి, దిద్దకండి.